లాన్ కోతకు ఆదివారం ముహూర్తం ఎవరు పెట్టారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇంటి తోటల గురించి వచ్చే పేజీని నేను వదలకుండా చదువుతాను. గత నెల అందులో లాన్ గురించి ఒక చిన్న బాక్సు వేశారు, ఇంటి ముందు పచ్చిక అందంగా ఉండాలంటే వారానికోసారి తప్పకుండా కోయించాలని. రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఆ ముక్కను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద 'ఇకనుంచి అందరూ ప్రతి ఆదివారం లాన్ కోయించుకోవాలి, కాలనీ అందం అందరి బాధ్యత' అని ఒక ఆర్డరు. అది ఏప్రిల్ నెల, అనంతపురంలో ఏప్రిల్ నెల! పొద్దున తొమ్మిదికే గచ్చు మీద కాలు పెట్టలేని రోజుల్లో, పెరగడం మానేసిన గడ్డిని వారం వారం కోయమంటే దేన్ని కోయాలండీ, మట్టినా?

అందుకే ఈ ఉత్తరం. నేను రిటైరైన స్కూలు టీచరును, సైన్సు చెప్పేదాన్ని. పుట్టింది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, వేరుశనగ పండించే ఇంట్లో. కాబట్టి గడ్డి అంటే నాకు మొదట తెలిసింది పీకాల్సిన వస్తువుగానే, డబ్బిచ్చి పెంచుకుంటారని అనంతపురం వచ్చాకే తెలిసింది.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. లాన్ ఎన్ని రోజులకోసారి కోయాలి అని అడిగితే దానికి రోజుల్లో జవాబు చెప్పలేం, అంగుళాల్లో చెప్పాలి. ఒక్క కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకూడదు, లాన్లు పెంచేవాళ్లు ప్రపంచమంతా పాటించే లెక్క ఇది. మీ గడ్డిని రెండు అంగుళాల ఎత్తున ఉంచుకోవాలనుకున్నారనుకోండి, అది మూడు అంగుళాలు అయ్యాక కోయాలి. అంటే ఒక అంగుళం పెరగడానికి ఎంత టైము పడుతుందో అదే మీ గడువు. వానాకాలంలో అది వారం కావచ్చు, చలికాలంలో మూడు వారాలు కావచ్చు, ఎండాకాలంలో రెండు నెలలైనా రాకపోవచ్చు.

అదే గడ్డిని కొందరు ఒక్క అంగుళం ఎత్తున, తివాచీ పరిచినట్టు ఉంచాలనుకుంటారు. అప్పుడు ఒకటిన్నర అంగుళానికే కోయాలి, అర అంగుళం పెరిగిందంటే మిషన్ బయటికి తీయాల్సిందే. నేల అదే, నీళ్లు అవే, గడ్డీ అదే, కోతలు మాత్రం రెట్టింపు. ఎంత పొట్టిగా ఉంచితే అంత తరచుగా కోయాల్సి వస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. 'ఈసారి బాగా కిందికి కోసెయ్, మళ్లీ నెల దాకా చూడనక్కర్లేదు' అని తోటమాలికి చెప్తుంటారు, మా వీధిలోనే విన్నాను. అలా బోడిగా కోసేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, వారం తర్వాత ఆ లాన్ ముందు నిలబడితే చాలు. కింద ఎప్పుడూ ఎండ తగలని తెల్లటి కాడలు బయటపడి, అవి మాడి, మధ్యమధ్యలో ఎర్రమట్టి తేలి ఉంటుంది.

ఎందుకలా అంటే, గడ్డి తన తిండి తయారు చేసుకునేది ఆకులోనే. ఆకు సగానికి పైగా తీసేస్తే మొక్క ఉన్న శక్తినంతా మళ్లీ ఆకు వేయడానికే పెడుతుంది, వేరు సంగతి పక్కన పెట్టేస్తుంది. 1955లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన క్రైడర్ అనే ఆయన దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. ఒకేసారి ఆకులో చాలా భాగం కోసేస్తే వేరు పెరగడం అక్కడికక్కడ ఆగిపోయింది, కొన్ని గడ్డి రకాల్లో 6 రోజులు, కొన్నిటిలో 18 రోజుల దాకా. నలభై శాతం లోపు కోసినప్పుడు మాత్రం వేరు ఆగలేదు. మూడో వంతు లెక్కకు బలం ఇచ్చిన పని ఇదే. ఇప్పుడు వారం వారం మట్టి కనిపించేలా కోసే లాన్ సంగతి ఆలోచించండి. పోయిన కోత నుంచి వేరు తేరుకోకముందే మళ్లీ కోత పడుతుంది. అలాంటి వేరు పైపైనే ఉండిపోతుంది, రెండు రోజులు నీళ్లు ఆగితే వాడిపోతుంది, ఇంటాయన రోజూ పైపు పట్టుకుని నిలబడతాడు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్లో అన్ని మాటలూ చివరికి నీళ్ల దగ్గరికే వస్తాయి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ లాన్ సరదా మనకు అంటించిన ఇంగ్లండులో, లండన్ నగరంలో పడేది ఎంతో తెలుసా? సుమారు 600. పెద్ద తేడా ఏమీ లేదు! ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కానీ వాళ్ల వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా, చల్లటి గాలిలో, మబ్బు కింద పడుతుంది, పడింది నేలలో నిలుస్తుంది. మన వాన ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపల, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టిగా పడి వెళ్లిపోతుంది, మిగతా నెలల్లో ఎండ, గాలి కలిసి నేలను పీల్చేస్తాయి. గడ్డి కోసే మిషన్‌ను కనిపెట్టింది కూడా అక్కడే, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, బట్టల మిల్లులో నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి. అంతకుముందు వాళ్లూ పొడుగు కొడవళ్లతో కోసేవాళ్లు, లేదంటే గొర్రెలను తోలేవాళ్లు. అక్కడి గడ్డి రకాలు చలికి ఇష్టపడేవి, వాళ్ల వానకు వసంతం నుంచి వారం వారం పెరుగుతాయి, కాబట్టి వారం వారం కోస్తారు. ఆ సలహాను ఉన్నదున్నట్టు ఎత్తి రాయలసీమలో దించితే ఎలా?

మన ఇళ్ల ముందు ఉండేది ఎక్కువగా గరిక జాతి, లేదంటే మెక్సికన్ గడ్డి అని నర్సరీల్లో అమ్మే జోయ్‌సియా. ఈ రెండూ వేడిని కోరుకునేవే. వేడి, తడి రెండూ ఉంటే విరగబడి పెరుగుతాయి, వేడి ఉండి తడి లేకపోతే ముడుచుకుంటాయి. గరిక అయితే మరీ మొండిది. వేసవి దుక్కిలో నాగలి వెంట నడిచి గరిక వేళ్లు ఏరి గట్టున ఎండబెట్టడం మా చిన్నప్పటి పని. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా ఆరుద్ర వానకు మళ్లీ తల ఎత్తేది. 'దీనికి చావు లేదే' అని మా నాన్న విసుక్కునేవారు. అలాంటి గడ్డి లాన్‌లో ఎండాకాలం గోధుమ రంగుకు తిరిగితే, 'అయ్యో చచ్చిపోయింది' అని టెన్షన్ పడి ట్యాంకరు తెప్పించేవాళ్లను చూస్తే నవ్వు వస్తుంది, బాధ కూడా వేస్తుంది. పైన ఆకు ఎండినా కింద కాడ, వేరు బతికే ఉంటాయి. పదిహేను రోజులకోసారి నేల తడిసేలా ఒక్క తడి ఇస్తే ప్రాణం నిలబడుతుంది, మొదటి వానకు రంగు తిరుగుతుంది.

లెక్క చెబుతాను, సైన్సు టీచరును కదా, లెక్క చెప్పకుండా ఉండలేను. ఇంటి ముందు ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు లాన్ ఉందనుకోండి. ఆరు వందల చదరపు అడుగులు, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది ఒక లీటరు. ఎండాకాలంలో ఈ గడ్డిని పచ్చగా నిలబెట్టాలంటే వారానికి కనీసం 25 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే వారానికి 1400 లీటర్లు, రోజుకు 200. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. ఒకటిన్నర మనిషి నీళ్లు ఆ గడ్డి తాగుతోందన్నమాట. తుంగభద్ర నుంచి హెచ్చెల్సీ, అంటే ఎగువ కాలువ వెంట అంత దూరం వచ్చి, పీఏబీఆర్ (పెన్నా అహోబిలం) రిజర్వాయరులో చేరి, అక్కడినుంచి పైపుల్లో మన ఇళ్లకు ఎక్కే నీళ్లు అవి. లాన్లు తీసేయమని నేను అనడం లేదు. నాకూ ఒకటి ఉంది, సాయంత్రం దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుంటేనే నాకు రోజు పూర్తయినట్టు ఉంటుంది. దాన్ని పొట్టిగా గొరిగి దాహం పెంచొద్దనే నా గోల.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పొడుగ్గా ఉన్న గడ్డికి ఆకు ఎక్కువ, కాబట్టి ఆవిరయ్యే నీళ్లు కూడా కాస్త ఎక్కువే. ఇది చూపించి వాదించేవాళ్లు ఉన్నారు. అయితే ఆకు ఎక్కువ ఉన్నదానికి వేరు కూడా లోతుకు పోతుంది, నాలుగైదు రోజులకోసారి లోతుగా తడిపితే సరిపోతుంది, రోజూ పైపైన చిలకరించే పని తప్పుతుంది. పైగా ఆకుల నీడ వల్ల మట్టి నేరుగా ఎండకు కాలదు. మన ఎర్ర నేలలు తేమను ఎక్కువసేపు పట్టుకునేవి కావు, నల్లరేగడి లాంటివి కావు, కాబట్టి ఈ నీడ విలువ మనకు ఇంకా ఎక్కువ.

ఇక ఏడాది పొడుగునా ఎలా ఉంటుందో నా లాన్ చూసి చెబుతున్నాను, మీ ఇంటి చెట్ల నీడ, మీ నీళ్లు, మీరు వేసే ఎరువును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. శివరాత్రి వెళ్లి ఎండ ముదిరాక కోత దాదాపు మానేయాలి. కోత ఎత్తు రెండు నుంచి రెండున్నర, మూడు అంగుళాలకు పెంచాలి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడక్కడ లేచిన పరకలను కత్తెరతో తీసేస్తే అయిపోయింది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని అన్నారు, ఆ ఎండలో కోసిన గడ్డి కోసిన చోటే మాడుతుంది. మృగశిర, ఆరుద్ర వానలు పడితే గడ్డి మేల్కొంటుంది, అప్పుడు కూడా తొందరపడకూడదు, ముందు దాన్ని బాగా ఆకు వేయనివ్వాలి. జూలైలో మన దగ్గర వాన మొహం చాటేయడం మామూలే, ఆ నెలలో రెండు వారాలకోసారి చూసుకుంటే సరి. ఉత్తర, హస్త కార్తెలకు, అంటే సెప్టెంబరు రెండో సగం, అక్టోబరుల్లో అసలు పెరుగుదల ఉంటుంది. అప్పుడు మాత్రం మీ పేజీలో రాసింది నిజమే, వారానికోసారి కోయాల్సిందే, యూరియా చల్లినవాళ్లయితే ఐదు రోజులకే. డిసెంబరు, జనవరిలో చలికి మళ్లీ నెమ్మదిస్తుంది, మూడు వారాలకోసారి అయినా ఎక్కువే.

యూరియా గురించి కూడా ఒక ముక్క. చల్లితే నాలుగు రోజుల్లో పచ్చగా అవుతుంది, నిజమే. దాంతోపాటు కోతలూ పెరుగుతాయి, నీళ్లూ పెరుగుతాయి. రైతులు లైన్లలో నిలబడి తెచ్చుకునే బస్తాను మనం అందం కోసం చల్లి, పెరిగిన దాన్ని డబ్బిచ్చి కోయించి, ఆ కోసిన గడ్డిని చెత్త బండికి వేయడం నాకైతే మింగుడు పడదు. కోసిన తుంపులను లాన్ మీదే వదిలేయండి. మూడో వంతు లెక్కన కోస్తే తుంపులు చిన్నగా ఉంటాయి, ఆకుల మధ్యకు జారిపోతాయి, రెండు మూడు రోజుల్లో కనిపించవు. వాటిలో ఎక్కువ భాగం నీళ్లే, మిగతాదానిలో నత్రజని ఉంటుంది, లాన్‌కు ఏడాదికి కావాల్సిన నత్రజనిలో నాలుగో వంతు దాకా వీటితోనే తిరిగి వస్తుంది. నెలరోజులు పెరిగినదాన్ని ఒకేసారి కోసి వదిలితే మాత్రం గుట్టలుగా పడి కింద గడ్డిని కుళ్లబెడుతుంది, అప్పుడు ఊడ్చి ఆవుకో గొర్రెకో వేయాలి. కలుపు మందు కొట్టిన లాన్ గడ్డిని మాత్రం పశువులకు వేయొద్దు.

ఊరికి పోయి వచ్చేసరికి వానలకు గడ్డి ఆరంగుళాలు పెరిగిందనుకోండి, ఒక్క రోజులో రెండంగుళాలకు దించకూడదు. ముందు నాలుగుకు కోసి, నాలుగైదు రోజులు ఆగి మూడుకు దగ్గరగా, మళ్లీ కొన్ని రోజులకు రెండుకు. ఓపిక కావాలి, అంతే. (నా ఉత్తరం పొడుగైందని మీరూ కత్తెర తీస్తారని తెలుసు. దీనికి కూడా మూడో వంతు లెక్కే పాటించమని మనవి.)

ఇప్పుడు వచ్చే అభ్యంతరాలు. మొదటిది పాములు. గడ్డి పెరిగితే పాములు వస్తాయని మా సంఘం వాళ్ల పెద్ద ఆయుధం ఇది. నేను చెప్పేది మోకాలెత్తు గడ్డి గురించి కాదు స్వామీ, రెండు మూడు అంగుళాల గడ్డి గురించి, చూపుడు వేలులో రెండు కణుపులంత. పాముకు దాపు దొరికేది ఇల్లు కట్టాక మిగిలిన ఇటుకల గుట్టలో, రాళ్ల కుప్పలో, కట్టెల మోపు కింద, ఎలుక బొక్కల్లో. మా కాలనీలో ఖాళీ ప్లాట్లలో అవన్నీ పుష్కలంగా ఉన్నాయి, వాటి గురించి గ్రూపులో ఒక్క మెసేజీ చూడలేదు. దోమల సంగతీ అంతే. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలో, కూలరు తొట్టిలో, పూలకుండీ కింద పళ్లెంలో, పాత టైరులో. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ మాత్రం పూత రాకముందే తీయించాలి, అది వేరే సంగతి, దానికి ఎవరు ఎన్నిసార్లు కోయించినా నేను సంతోషిస్తాను.

రెండోది కలుపు. ఇది కాస్త లోతుగా చూడాలి, ఎందుకంటే చాలామంది తెలియకుండానే కలుపు కోసం కోతలు పెంచుతుంటారు. లాన్ కోసిన మూడో రోజుకే అక్కడక్కడ లేత ఆకుపచ్చ పరకలు పైకి లేచి, కోసి వారమైందేమో అనిపించేలా చేస్తాయి. దగ్గరికి పోయి చూడండి, అది గరిక కాదు, తుంగ. గరిక కంటే వేగంగా పెరుగుతుంది, అందుకే లాన్ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, అందుకే మళ్లీ మిషన్ తీస్తారు. దాన్ని ఎన్నిసార్లు కోసినా కింద గడ్డలు ఉన్నంతకాలం లేస్తూనే ఉంటుంది. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు సన్నటి గునపంతో గడ్డతో సహా తవ్వి తీయాలి, ఒక్క సీజనుతో పోదు, అయినా తీస్తూ ఉండాలి. పల్లేరు ఇంకో రకం, నేలకు అతుక్కుని పాకుతుంది కాబట్టి మిషన్ బ్లేడుకు అసలు అందదు. గడ్డి పల్చబడి మట్టి తేలిన చోటే అది దిగుతుంది. అంటే బోడిగా కోసేవాళ్ల లాన్‌లోనే పిల్లల కాళ్లకు పల్లేరు గుచ్చుకుంటుంది. గడ్డి ఒత్తుగా ఉంటే దాని గింజకు వెలుతురు, చోటు దొరకదు.

మూడోది, అసలైనది, నలుగురూ ఏమనుకుంటారో అని. 'ఏంది మేడమ్, మీ లాన్ ఇట్లా వదిలేసినారు, ఆరోగ్యం బాగానే ఉంది కదా' అని పక్కింటాయన గేటు దగ్గర నిలబడి అడిగారు. దానికి నా దగ్గర సైన్సు లేదు. అంచులు మాత్రం శుభ్రంగా కత్తిరించి పెట్టుకోండి, దారి పక్క, గోడ పక్క, పూలపాదు చుట్టూ. అంచు తీరుగా ఉంటే మధ్యలో గడ్డి మూడంగుళాలు ఉన్నా చూసేవాళ్లకు అది కావాలని ఉంచిందని అర్థమవుతుంది. నేను ఈ పని మొదలుపెట్టాక ఆయన ఆరోగ్యం గురించి అడగడం మానేశారు.

వినాయక చవితి ముందు మా వీధిలో సగం మంది గరిక కోసం నా గేటు తడతారు, ఇది కూడా చెప్పాలి. వారం వారం గొరిగించుకునే ఇళ్లలో పూజకు రెండు పరకలు దొరకవు మరి.

తోటమాలి సంగతి వదిలేస్తే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది. మా దగ్గరికి వచ్చే ఆయన పది ఇళ్లు చూసుకుంటాడు, వచ్చిన పూటకు ఇంత అని తీసుకుంటాడు. 'ఈ వారం కోత వద్దు' అంటే ఆయనకు ఆ పూట కూలి పోయినట్టే. అందుకే ఎండాకాలంలో కోయడానికి ఏమీ లేకపోయినా మిషన్ తిప్పి దుమ్ము లేపి పోతాడు, ఆయన తప్పేమీ లేదు, మనం పెట్టిన పద్ధతి అలాంటిది. నేను నెలకు ఇంత అని మాట్లాడుకున్నాను. గడ్డి కోయాల్సిన వారం కోస్తాడు, లేని వారం తుంగ తవ్వుతాడు, పాదులు చేస్తాడు, కానుగ ఆకులు ఊడ్చి ఎరువు గుంతలో వేస్తాడు, మిషన్ బ్లేడు సాన పట్టించుకొస్తాడు. 'అమ్మా, ఈ వారం కోసేదా, తవ్వేదా?' అని గేటు దగ్గరే అడుగుతాడు, ఇద్దరం కలిసి స్కేలు పెట్టి చూస్తాం. మొదట్లో ఆ స్కేలు చూసి నవ్వేవాడు, ఇప్పుడు వేరే ఇళ్లకూ జేబులో ఒకటి పెట్టుకుని పోతున్నాడు.

ఇక కాలనీ పార్కు. అక్కడి పచ్చిక కోత ఒకరికి కాంట్రాక్టుకు ఇచ్చారు, నెలకు నాలుగు కోతలు, నాలుగు కోతలకు బిల్లు. నైలాన్ తీగ తిరిగే బ్రష్ కట్టర్ భుజాన వేసుకుని వస్తారు. అది పిచ్చి మొక్కలు, కాలువ గట్లు కొట్టడానికి పనికొచ్చే సామాను. చెయ్యి ఊపే తీరును బట్టి ఒకచోట మూడంగుళాలు, ఒకచోట మట్టి దాకా పోతుంది, ఆకును తెగ్గొట్టడానికి బదులు చీల్చేస్తుంది. చీలిన కొన తెల్లగా ఎండి, దూరం నుంచి లాన్ మొత్తం బూడిద చల్లినట్టు ఉంటుంది. పోయినేడాది మే నెలలోనూ నాలుగు కోతలు చూపించారు, అక్టోబరులోనూ నాలుగే చూపిస్తారు. సంఘం మీటింగులో నేను అడిగాను, కాంట్రాక్టులో కోతల సంఖ్య తీసేసి 'గడ్డి మూడంగుళాలు దాటకుండా, రెండంగుళాలకు తగ్గకుండా చూడాలి' అని రాసుకోవచ్చు కదా అని. ఏడాదికి అదే డబ్బు ఇవ్వండి, ఎండాకాలం మిగిలిన పూటలకు కలుపు తీయించండి, చెట్లకు పాదులు చేయించండి. 'మేడమ్, కోతలైతే లెక్కపెట్టొచ్చు, అంగుళాలు ఎవరు కొలుస్తారు' అన్నారు. పది రూపాయల స్కేలుతో ఐదో తరగతి పిల్లవాడు కొలుస్తాడండీ, సందేహం ఉంటే నేనొచ్చి కొలుస్తాను, పార్కు మా ఇంటి ఎదురుగానే ఉంది.

కొత్తగా లాన్ వేసుకునేవాళ్లకు ఇంకో మాట. కడియం నర్సరీల నుంచో ఇంకో చోటి నుంచో గడ్డి పలకలు తెచ్చి పరిచాక, చాలామంది రెండో ఆదివారానికే మిషన్ ఎక్కిస్తారు. పలక అంచు పట్టుకుని మెల్లగా లాగి చూడండి, లేస్తే ఇంకా వేరు దిగలేదని అర్థం, కోతకు ఆగాలి. సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. మెక్సికన్ గడ్డి అయితే గరిక కంటే నిదానంగా పెరుగుతుంది, కోతలు తక్కువ, కానీ ఆకు గట్టిది, మొండి బ్లేడు దానికి అసలు పనికిరాదు. వేప, కానుగ చెట్ల కింద గరిక సరిగా పట్టదు, నీడలో ఉన్న గడ్డిని ఎండలో ఉన్నదానికంటే ఒక అంగుళం ఎత్తుగా ఉంచాలి. అయినా పల్చబడిపోతుంటే ఆ చోట గడ్డిని మానేసి నాలుగు బండలు పరుచుకోవడం మేలు, కుర్చీ వేసుకోవడానికైనా పనికొస్తుంది.

సంపాదకులు గారూ, మీ పేజీని తప్పు పట్టడానికి ఇదంతా రాయలేదు. మీ పత్రిక శ్రీకాకుళంలోనూ అదే, అనంతపురంలోనూ అదే. అక్కడ కుదిరే సలహా ఇక్కడ కుదరదు. వచ్చేసారి లాన్ గురించి వేసేటప్పుడు 'వారానికోసారి' అన్న మాట తీసేసి, ఎంత ఎత్తు ఉంచాలి, ఎంత ఎత్తుకు కోయాలి, ఈ రెండు అంకెలు వేయండి. వీలైతే జిల్లా ఎడిషన్‌లోనే వేయండి, కర్నూలు, కడప వాళ్లకూ పనికొస్తుంది. ఈ నెలాఖరుకు రోహిణి కార్తె వస్తోంది. మీ పేజీలో ఈ ఆదివారమే రెండు లైన్లు, 'జూన్ వానల దాకా లాన్ కోత ఆపండి' అని వేయగలిగితే దాన్ని నేనే ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటాను. నేను చెబితే వినరు గానీ, పేపర్లో వస్తే వింటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అనంతపురం

తా.క.: బ్లేడు పదును తెలుసుకోవడానికి మిషన్ విప్పక్కర్లేదు. కోసిన మర్నాడు ఒక ఆకు తెంచి కొన చూడండి. కొన నున్నగా ఉంటే బ్లేడు బాగున్నట్టు, పీచులు పీచులుగా చీలి ఉంటే సాన పట్టించాలి. మన దుమ్ముకు, ఇసుక రేణువులకు బ్లేడు త్వరగా మొండిదవుతుంది, వానలకు ముందు ఒకసారి, దసరా నాటికి ఇంకోసారి తప్పదు. తడి గడ్డి మీద మిషన్ తిప్పొద్దు, చక్రాలకు ముద్దగా అంటుకుంటుంది, కోత తీరుగా రాదు. కరెంటు మిషన్ వాడేవాళ్లు తడిలో అసలు ముట్టుకోవద్దు.